ఐసు ఫ్యాక్టరీ పద్దులు

తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, పద్దుపుస్తకం కూడా.
బొమ్మ గీయడం రానివాణ్ణి కాబట్టి
ఏడుగురూ కలిసి నన్ను కోశాధికారిని చేశారు.

గలీసియా తీరంలో మా రేవు చిన్నది.
ఒకప్పుడు ఈ షెడ్డులో పడవలకు ఐసు కోసేవాళ్లు.
ఇప్పుడు పెద్ద ఓడలు తమ ఐసు తామే చేసుకుంటున్నాయి,
గోడల్లో మాత్రం ఆ చలి ఇంకా అద్దెకుంటోంది.
ఆగస్టులోనూ స్వెటరు వేసుకుని చూడాల్సిన
ప్రదర్శనశాల మాది.

ఈసారి ప్రదర్శన పేరు ‘ఖాళీ’.
ఆ ఒక్క మాట కోసం మూడు సమావేశాలు,
రెండు సీసాల సారా, ఒక అలక.
సారా పద్దెనిమిది యూరోలు. అలకకు రసీదు లేదు.

సబేలా ఆల్చిప్పలు పెంచే తెప్పల కింద మైకు దించి
పదకొండు గంటల నీటిచప్పుడు పట్టుకొచ్చింది.
అన్షో వాళ్ల తాత జీతపు చీటీలు ఉప్పునీళ్లలో నానబెట్టి
గోడకి అంటించాడు. రోజుకొకటి ఊడి పడుతోంది.
అదీ కళలో భాగమేనంటాడు,
ఊడ్చేది నేను.

బ్రాయిస్ నడిమి హాల్లో
చిరిగిన వల ఒకటి వేలాడదీశాడు.
మధ్యలో మనిషి దూరేంత కంత,
ఆ కంత మీదికి ఒకే ఒక్క దీపం.
మునిగిన పడవలు, మూతపడ్డ సంత, వెళ్లిపోయినవాళ్లు,
అన్నీ ఆ కంతేనని కాగితం నిండా రాశాడు.
రెండుసార్లు చదివాను. రెండోసారి కొంచెం అర్థమైంది.

మంగళవారం వాన దంచికొట్టింది.
వచ్చినవాళ్లు, కుక్కను కలుపుకుంటే, నలుగురు:
ఇద్దరు జర్మన్ యాత్రికులు, దోసిందా.
వాన తగ్గేదాకా కూర్చుంటానంది దోసిందా.
హీటరు ఆమె వైపు తిప్పి
కరెంటు బిల్లు కట్టడానికి పక్క ఊరెళ్లాను.
పోనూ రానూ ఒకటే బస్సు.

తిరిగొచ్చేసరికి
కంత లేదు.

నలభై ఏళ్లు రేవులో వలలు బాగుచేసిన చేతులు,
చిరుగు కనబడితే ఊరుకోవు.
జేబులో ఎప్పుడూ చెక్క సూది, ఆకుపచ్చ నైలాను దారం.
ముడి పక్కన ముడి, కన్ను పక్కన కన్ను,
ఏది పాత ఏది కొత్త
రంగు చూసి చెప్పాల్సిందే తప్ప వేలికి తెలీదు.
‘ఎవరో బద్ధకస్తులు సగంలో వదిలేశారు’ అంది
కళ్లజోడు తుడుచుకుంటూ.

నోరు తెరిచాను. ఏమనాలో తోచక మూశాను.

ఆ రాత్రి అత్యవసర సమావేశం.
కత్తెర తెమ్మన్నాడు అన్షో.
ఉషీయా కత్తెర మీద కూర్చుని లేవనంది.
‘బాగుపడ్డదాన్ని మళ్లీ కోస్తే అది కళ కాదు, కసి’ అంది సబేలా.
అటు మూడు ఓట్లు, ఇటు మూడు. ఏడోది బ్రాయిస్‌ది.
అతను నిచ్చెనెక్కి, ఆ ఆకుపచ్చ మేరంతా
వేలితో తడుముతూ పోయాడు,
చీకట్లో మొహం పోల్చుకునేవాడిలా.
‘రెండువందల పద్నాలుగు ముడులు’ అన్నాడు దిగి.
‘కాగితం మార్చాలి.’

మర్నాడు దోసిందా ఇంటికి నేనే వెళ్లాను,
బ్రాయిస్ పేరు పక్కన ఆమె పేరూ వేస్తామని చెప్పడానికి.
తలుపు సగమే తెరిచింది. లోపల ఉల్లిపాయ వేగుతున్న వాసన.
‘పేరెందుకు నాయనా? పేర్లు పడవలకుంటాయి.
మూడు గంటలు పట్టింది. గంటకి ఎంతిస్తారో చెప్పు.’

ఆదివారం ఆమె నేస్తాలు ఐదుగురొచ్చారు.
దీపానికి అడ్డంగా నిలబడి, వలని చేతిలోకి లాక్కుని
ముడులకు వంకలు పెట్టారు.
తొమ్మిదేళ్లలో మా గోడల మధ్య ఒక వస్తువు గురించి
ఎవరైనా అంతసేపు పోట్లాడుకోవడం అదే మొదలు.
ముట్టుకోరాదు అన్న బోర్డు వాళ్లకి కనబడలేదు,
నేను చూపించనూ లేదు.

ముప్ఫయ్యారు యూరోలు.
ఏ గడిలో రాయాలో తెలీలేదు,
మరమ్మతుల్లోనా, కళాకారుల పారితోషికంలోనా.
పెన్ను సిరా చలికి బిగుసుకునేదాకా కూర్చుని
చివరికి రెండు గళ్ల నడుమ గీత మీదే రాశాను.

ఆడిటరు అడిగితే
ఆ రోజు వాన పడిందని చెబుతాను.